కొక్కెం లేని కొయ్య చేప: ఓజిబ్వేల సరస్సులు, మన చెరువులు



ఈసారి పోస్టు చేపల గురించి. పరీక్షలు దగ్గర పడుతుంటే ఇప్పుడు చేపల గోల ఏంటి అనుకోకండి. కొంచెం పొడుగే, కానీ చివరిదాకా చదివితే ఇది ఒట్టి చేపల కథ కాదని మీకే తెలుస్తుంది.

మనలో చాలామందికి కొరమీను పట్టడం చిన్నప్పటి నుంచీ తెలుసు. చెరువులో నీళ్ళు తేటగా ఉన్నచోట అది దొరకదు. నాచు, తుంగ, తామరాకులు, గుర్రపు డెక్క దట్టంగా అల్లుకున్నచోటే ఉంటుంది. అక్కడ వల వేస్తే చేప రాదు, వల చిరుగుతుంది. అయితే కొరమీనుకి ఒక బలహీనత ఉంది. మొప్పలతో తీసుకునే గాలి దానికి చాలదు, అప్పుడప్పుడు పైకొచ్చి గాలి మింగిపోవాలి. మన తాతలు గట్టు మీద కదలకుండా కూర్చుని ఆ బుడగ కోసమే చూసేవాళ్ళు. బుడగ లేచినచోట గాలానికి చిన్న కప్పని గుచ్చి ఆకుల మీద గెంతించేవాళ్ళు. ఆకు కింద నుంచి ఒక్కసారి నీళ్ళు పగిలినట్టు చప్పుడయ్యేది. అంతే.

మొన్న సెలవుల తర్వాత మా హాస్టల్‌కి ఒక తమ్ముడు రబ్బరు కప్పని తెచ్చాడు. లోపల డొల్ల, మెత్తగా ఉంది. వీపు మీద రెండు కొక్కేలు ఒంటికి ఆనుకుని పైకి తిరిగి ఉన్నాయి. నాచు మీద ఎంత లాగినా ఒక్క పోచ కూడా తగులుకోదు. చేప నోట్లో పెట్టుకుని నొక్కినప్పుడు రబ్బరు అణిగిపోతుంది, అప్పుడే కొక్కేలు బయటపడి దిగుతాయి. అందుకే చప్పుడు వినగానే లాగకూడదు, ఒక క్షణం ఆగి చేప బరువు చేతికి తెలిశాక లాగాలి. మన తాతలకి కూడా ఈ ఆగడం తెలుసు. మరి ఇంత తెలివైన బొమ్మ ఎక్కడ పుట్టింది, ఎవరు చేశారు అని మేం కొంతమందిమి కూర్చుని వెతకడం మొదలుపెట్టాం. కప్ప దగ్గర మొదలైన వెతుకులాట అమెరికాలో మనలాంటి జనం దగ్గర ఆగింది. ఆ సంగతే ఇది.

అమెరికా పుస్తకాల్లో ఉన్న కథ

గాలం వేటగాళ్ళ చరిత్రలో రెండు కథలు ఎప్పుడూ చెప్తారు. మొదటిది జూలియో బ్యూల్ అనే ఆయనది. వెర్మాంట్ రాష్ట్రంలో ఒక సరస్సు మీద పడవలో కూర్చుని తింటుంటే చేతిలోని చెంచా జారి నీళ్ళలో పడిందట. అది తళతళా తిరుగుతూ మునిగిపోతుంటే ఒక పెద్ద చేప వచ్చి దాన్ని పట్టుకుపోయిందట. ఆయన ఇంటికెళ్ళి చెంచా కాడ విరగ్గొట్టి, కొక్కెం తగిలించి, 1852లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. ఈ రోజుకీ అలాంటి రేకు ఎరని స్పూన్ అనే పిలుస్తారు.

రెండోది జేమ్స్ హెడ్డన్‌ది. మిషిగన్ రాష్ట్రంలోని డోవాజియాక్ ఊళ్ళో తేనెటీగలు పెంచే మనిషి. మిల్లు చెరువు గట్టున కూర్చుని కత్తితో చెక్కుతున్న కర్రముక్కని నీళ్ళలోకి విసిరితే ఒక బాస్ చేప దాని మీదకి దూకిందట. ఆ తర్వాత ఆయన కర్రతో కప్పలు చెక్కాడు. 1900 దాటిన కొద్ది ఏళ్ళకే అది కుటుంబ కంపెనీ అయింది. నాచులో తగులుకోకుండా కొక్కేనికి తీగ అడ్డం పెట్టిన రేకు ఎరలు 1920లలో వచ్చాయి. డొల్ల రబ్బరు కప్పలు తర్వాత వచ్చాయి. మా తమ్ముడి కప్ప ఆ వంశంలోదే.

ఇక్కడిదాకా చదివితే ఏమనిపిస్తుంది? ఒకడి చెంచా జారింది, ఒకడు కర్రముక్క విసిరాడు, కృత్రిమ ఎర పుట్టింది. అంతకుముందు ఆ సరస్సుల ఒడ్డున మనుషులే లేనట్టు!

కానీ డోవాజియాక్ అనే పేరే పొటావాటమి ఆదివాసీల మాట నుంచి వచ్చింది. 1833 షికాగో ఒడంబడికతో పొటావాటమిలను పడమటికి తరిమేస్తున్నప్పుడు లియోపోల్డ్ పోకాగన్ అనే పెద్ద బేరమాడి తన జనాన్ని మిషిగన్‌లోనే నిలబెట్టుకున్నాడు. ఆ పోకాగన్ తెగ కార్యాలయం ఇవాళ అదే డోవాజియాక్‌లో ఉంది. వాళ్ళ గుర్తింపుని ప్రభుత్వం తిరిగి ఒప్పుకోడానికి 1994 దాకా పట్టింది. కర్రముక్క కథకి ఉన్న ప్రచారంలో ఈ కథకి పదోవంతు కూడా లేదు.

కొక్కెం లేని చేప

పొటావాటమిలకి అన్నదమ్ముల్లాంటి తెగ ఓజిబ్వే. చిప్పేవా అని కూడా అంటారు. తమని తాము అనిషినాబే అని పిలుచుకుంటారు. సుపీరియర్ మహా సరస్సు చుట్టూ, ఇప్పుడు విస్కాన్సిన్, మిన్నెసోటా, మిషిగన్ అంటున్న రాష్ట్రాల్లోనూ కెనడాలోనూ ఉంటారు. అక్కడ చలికాలంలో సరస్సులన్నీ గడ్డకట్టిపోతాయి. మనిషి నడిచేంత మందాన మంచు. మరి చేపలెట్లా?

వాళ్ళు మంచులో గుంత కొడతారు. గుంత మీద చిన్న గుడిసె వేసి, వెలుతురు చొరకుండా మూసేస్తారు. లోపల చీకటైతే ఒక వింత జరుగుతుంది. బయట మంచు గుండా దిగిన వెలుగుతో కింద నీళ్ళన్నీ స్పష్టంగా కనిపిస్తాయి, అడుగున ఉన్న నాచుతో సహా. అప్పుడు దారానికి కట్టిన కొయ్య చేపని దింపుతారు. కడుపులో సీసం పోసి ఉంటుంది కాబట్టి అది తేలదు. రెక్కలు రేకువి. తోకని కొంచెం వంకరగా చెక్కుతారు, దారం చిన్నగా కుదిపితే గుండ్రంగా ఈదుతుంది. దానికి కొక్కెం ఉండదు! ఎందుకంటే దాని పని పట్టడం కాదు, పిలవడం. నాచులో దాక్కున్న పైక్ చేపో మస్కీ చేపో ఎవరీ కొత్తవాడు అని చూడటానికి వస్తుంది. అది గుంత కిందకి రాగానే ఈటె దిగుతుంది.

ఆ ఖండంలో ఎముకతో, నత్తగుల్ల చిప్పతో చేసిన చేప బొమ్మలు పాత తవ్వకాల్లోనూ దొరికాయి. అంటే బ్యూల్ చెంచా జారడానికి ఎన్నో తరాల ముందే చేపని బొమ్మతో నమ్మించే విద్య అక్కడుంది. అసలు ఆ మస్కీ అనే పేరే ఓజిబ్వే మాట మాష్కినోజే నుంచి వచ్చింది. చేప వాళ్ళది, పేరు వాళ్ళది, విద్య వాళ్ళది. పేటెంట్ మాత్రం వాళ్ళది కాదు.

వాళ్ళకి ఇంకో వేట ఉంది. మంచు కరిగిన తొలి రోజుల్లో వాల్‌ఐ అనే చేపలు గుడ్లు పెట్టడానికి లోతు తక్కువ నీళ్ళకి వస్తాయి. రాత్రి పడవ ముందు కాగడా పట్టుకుంటే వాటి కళ్ళు మెరుస్తాయి, ఈటెతో పొడుస్తారు. ఆ కాగడాలు చూసి ఫ్రెంచి వ్యాపారులు ఒక ఊరికి లాక్ డు ఫ్లాంబో అని పేరు పెట్టారు, కాగడాల సరస్సు అని అర్థం. ఆ ఊరి కొయ్య చేపలకి ఇప్పటికీ పేరుంది.

1852: ఒకే ఏడాది రెండు ప్రయాణాలు

1837లో, 1842లో ఓజిబ్వేలు అమెరికా ప్రభుత్వంతో ఒడంబడికలు చేసుకుని చాలా భూమి వదులుకున్నారు. కానీ ఒక్కటి వదలలేదు. ఇచ్చేసిన భూముల్లో, నదుల్లో, సరస్సుల్లో వేటాడే హక్కు. 1837 ఒడంబడికలో చేపలు పట్టడం, అడవి బియ్యం కోసుకోవడం పేరుపెట్టి మరీ రాయించుకున్నారు. అడవి బియ్యాన్ని వాళ్ళు మనోమిన్ అంటారు. అది సరస్సుల అంచున నీళ్ళలో పెరిగే గడ్డి గింజ. పడవవాడికి అది అడ్డు, వాళ్ళకి అన్నం.

1850లో ప్రెసిడెంట్ టేలర్ ఆ హక్కులు రద్దు, మీరు పడమటికి వెళ్ళిపోండి అని ఆదేశం ఇచ్చాడు. వాళ్ళు కదలకపోతే, ఒడంబడిక ప్రకారం ఏటా ఇవ్వాల్సిన డబ్బూ సరుకులూ ఈసారి దూరాన మిన్నెసోటాలోని శాండీ లేక్ దగ్గర ఇస్తామన్నారు. చలికాలం ముందు పిలిపిస్తే తిరిగి వెళ్ళలేక అక్కడే ఉండిపోతారని అధికారుల లెక్క. జనం వెళ్ళారు. సరుకులు సమయానికి రాలేదు. పాడైన తిండి, రోగాలు, చలి. అక్కడా, తిరుగుదారిలోనూ కలిపి సుమారు 400 మంది చనిపోయారు.

ఆ తర్వాత 1852లో, తొంభై ఏళ్ళు దాటిన పెద్దాయన కెచెవైష్కే, ఇంగ్లీషువాళ్ళు చీఫ్ బఫెలో అనేవారు, పడవ మీద బయల్దేరి వాషింగ్టన్ దాకా వెళ్ళాడు. ప్రెసిడెంట్ ఫిల్‌మోర్‌ని కలిశాడు. తరలింపు ఆదేశం వెనక్కి వెళ్ళింది. 1854 ఒడంబడికలో వాళ్ళున్నచోటే రిజర్వేషన్లు వచ్చాయి.

ఏడాది గుర్తుందా? బ్యూల్ చెంచాకి పేటెంట్ వచ్చింది కూడా 1852లోనే. చేపల చరిత్ర రాసినవాళ్ళు ఆ ఏడాదిలో చెంచానే చూశారు. ఆ పెద్దాయన పడవ కూడా చేపల చరిత్రే కదా?

ముంపు మీద పుట్టిన స్వర్గం

కాగితం మీద హక్కు ఉంది. నేల మీద మాత్రం రాష్ట్రం వేట అధికారులు ఈటె కనిపిస్తే కేసు పెట్టారు. విస్కాన్సిన్ రాష్ట్రం ఏర్పడటంతోనే ఆ హక్కులు పోయాయని 1908లో రాష్ట్ర సుప్రీం కోర్టు చెప్పేసింది. మరోపక్క ఉత్తరాది సరస్సుల ఒడ్డున రిసార్టులు లేచాయి. పట్నాల నుంచి గాలాలు పట్టుకుని షికారుకి వచ్చేవాళ్ళకి ఓజిబ్వేలే దారి చూపించే గైడ్లు. అతిథి గాలంతో పడితే ఆట, గైడు రాత్రి వెళ్ళి తన పిల్లల కోసం ఈటెతో పొడిస్తే నేరం.

1923లో లాక్ కూర్ట్ ఓరే రిజర్వేషన్ పక్కన చిప్పేవా నది మీద కరెంటు కోసం ఆనకట్ట కట్టారు. తెగ వద్దంది. అయినా నీళ్ళు వచ్చాయి. ఒక ఊరు మునిగింది, మనోమిన్ పండే మడుగులు మునిగాయి, పూర్వీకుల సమాధులు మునిగాయి. ఇప్పుడు ఆ జలాశయాన్ని చిప్పేవా ఫ్లోయేజ్ అంటారు. మొద్దులు, తేలే దీవులు, దట్టమైన నాచు ఉండటంతో మస్కీ చేపలకి అది మంచి ఇల్లయింది. గాలం వేటగాళ్ళకి స్వర్గమైంది. 1949లో అక్కడ పట్టిన ఒక మస్కీని ప్రపంచ రికార్డు అని ఇప్పటికీ చెప్పుకుంటారు, దాని మీద తగవులూ ఉన్నాయి. పక్కనే హేవార్డ్ పట్నంలో భవనమంత పెద్ద మస్కీ బొమ్మ కట్టారు, జనం దాని నోట్లో నిలబడి ఫొటోలు దిగుతారు.

ఇది చదివినప్పుడు మాలో పోలవరం ముంపు మండలాల వాళ్ళు కాసేపు ఏమీ మాట్లాడలేదు. మాచ్‌ఖండ్, జలాపుట్ వైపు వాళ్ళూ అంతే. నీళ్ళ కింద ఊరు ఉన్నవాళ్ళకి ఆ నీళ్ళ మీద పడవ షికారు ఎలా కనిపిస్తుందో వేరే చెప్పాలా?

ఇద్దరు అన్నదమ్ములు, ఒక మంచు గుడిసె

1974 మార్చిలో లాక్ కూర్ట్ ఓరేకి చెందిన ఫ్రెడ్, మైక్ ట్రిబుల్ అనే అన్నదమ్ములు చీఫ్ లేక్ అనే సరస్సు మీద రిజర్వేషన్ గీత దాటి అవతల మంచులో గుంత కొట్టారు. కావాలనే దాటారు. ఒడంబడిక హక్కు గీత దగ్గర ఆగదు కదా! వేట అధికారులు వచ్చి పట్టుకున్నారు. ఏ నేరాల మీదో చూడండి. ఒకటి, చేతిలో ఈటె ఉండటం. రెండు, పేరూ చిరునామా రాసి లేని చేపల గుడిసెలో కూర్చోవడం. తాతల నాటి ఆ చీకటి గుడిసే కోర్టుకెక్కింది.

తెగ ఫెడరల్ కోర్టులో కేసు వేసింది. 1978లో ఓడిపోయింది. పై కోర్టుకి వెళ్ళింది. 1983 జనవరి 25న తీర్పు వచ్చింది: ఒడంబడిక హక్కులు పోలేదు, బతికే ఉన్నాయి. దాన్ని వాయిట్ తీర్పు అంటారు. మరుసటి ఏడాదే తెగలన్నీ కలిసి గ్రేట్ లేక్స్ ఇండియన్ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ కమిషన్ అనే సొంత సంస్థని పెట్టుకున్నాయి. సొంత జీవశాస్త్రవేత్తలు, సొంత గస్తీ, సొంత లెక్కలు.

గెలిచాక కష్టాలు మొదలయ్యాయి. 1980ల చివర్లో వసంతకాలం రాత్రుళ్ళు పడవలు దించే రేవుల దగ్గర వందలాది మంది గుమిగూడి ఓజిబ్వేలని బూతులు తిట్టారు, రాళ్ళు విసిరారు, చంపుతామన్నారు. ఆదివాసీలు ఈటెలతో చేపలన్నీ ఊడ్చేస్తున్నారు, సరస్సులు ఖాళీ అయిపోతున్నాయి అని ప్రచారం. ఓజిబ్వేలు ఎదురు రాళ్ళు విసరలేదు. డప్పు కొట్టుకుంటూ పడవలెక్కారు. వాళ్ళకి సాక్షులుగా నిలబడటానికి బయటివాళ్ళు కూడా కొంతమంది రేవులకి వచ్చారు.

ఇంకో పని కూడా చేశారు, మాకు బాగా నచ్చింది ఇదే. లెక్క పెట్టారు. ప్రతి సరస్సుకీ ఇన్ని చేపలే అని పరిమితి. ఒడ్డుకి తెచ్చిన ప్రతి చేపనీ లెక్కించడం, కొలవడం. 1991లో ఫెడరల్, రాష్ట్ర, తెగల నిపుణులు కలిసి చేసిన అధ్యయనం తేల్చింది ఏంటంటే, ఈటె వేట వల్ల వాల్‌ఐ చేపలకి నష్టం జరగలేదు. గాలాలతో పట్టేవాళ్ళు పట్టుకుపోయేదే ఎక్కువ. అదే ఏడాది రెండు పక్షాలూ ఇక అప్పీలుకి వెళ్ళం అన్నాయి. 1999లో మిన్నెసోటాలోని మిల్ లాక్స్ తెగ కేసులో అమెరికా సుప్రీం కోర్టు 5-4 తేడాతో 1837 హక్కు చెల్లుతుందని చెప్పింది. 1850 నాటి ఆ తరలింపు ఆదేశం ఆ హక్కుని రద్దు చేయలేదని కూడా తేల్చింది. శాండీ లేక్ చావులకి 149 ఏళ్ళ తర్వాత.

ఇంతటి ద్వేషం ఎక్కడి నుంచి వచ్చిందని ఆలోచిస్తే, బళ్ళో ఈ చరిత్ర ఎవరూ చెప్పకపోవడం నుంచి అని తెలిసింది. అందుకే విస్కాన్సిన్‌లో 1989లో ఒక చట్టం వచ్చింది. ఆ రాష్ట్రంలోని తెగల చరిత్ర, సంస్కృతి, సార్వభౌమత్వం, ఒడంబడిక హక్కుల గురించి బళ్ళలో చెప్పాలని. యాక్ట్ 31 అంటారు.

మన నీళ్ళ సంగతి

వాళ్ళకీ మనకీ తేడా ఉంది, ఒప్పుకుంటాం. మన పూర్వీకులతో ఎవరూ ఒడంబడిక రాసుకోలేదు. కానీ మన దగ్గర చట్టాలు ఉన్నాయి. 1996 పెసా చట్టం సెక్షన్ 4(జె) ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ తగిన స్థాయి పంచాయతీల చేతుల్లో ఉండాలి. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(డి) ఇంకా సూటిగా, నీటి వనరుల్లోని చేపలు, ఇతర ఉత్పత్తుల మీద సామూహిక హక్కుని గుర్తిస్తుంది. అవును, చేపలు అనే మాట చట్టంలోనే ఉంది.

అటవీ హక్కులు అనగానే మనోళ్ళందరికీ గుర్తొచ్చేది పోడు పట్టా. అది కావాల్సిందే. కానీ సామూహిక హక్కుల కోసం పెట్టే ఫారం-బి చూడండి. అందులో చేపలకి, నీటి వనరులకి విడిగా ఒక వరస ఉంది. మాలో కొంతమందిమి సెలవులకి ఇళ్ళకెళ్ళినప్పుడు అడిగి చూశాం. ఆ వరస ఒకటుందనే సంగతే చాలా ఇళ్ళల్లో తెలియదు. మరి చెరువుకి వేలం పాట పెట్టి, రేపటి నుంచి గాలం వేయొద్దని ఎవరో వచ్చి చెప్తే, మనం ఏ కాగితం చూపిస్తాం? రాయని హక్కుని తాత చెప్పాడు అంటే ఆఫీసులో వినరు. ట్రిబుల్ అన్నదమ్ముల చేతికి బలం 1837లో రాయించుకున్న ఆ ఒక్క వాక్యం.

కొరమీను ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర చేప. మార్కెట్లో దాని ధర మనందరికీ తెలుసు. దాన్ని ఏ నాచులో, ఏ వేళ, ఎంతసేపు కూర్చుని పట్టాలో తెలిసిన పెద్దవాళ్ళు ఇంకా మన ఊళ్ళలో ఉన్నారు. గుడ్లు పెట్టిన జంట ఎర్రటి పిల్లల గుంపుకి కాపలా కాస్తున్నప్పుడు గాలం వేయొద్దని మందలించేదీ వాళ్ళే. ఆ రోజుల్లో తల్లి చేపని పట్టడం చాలా తేలిక, పిల్లల మీద ఏది వచ్చినా మీద పడుతుంది. అయినా పట్టొద్దు అంటారు. ఓజిబ్వేలు లెక్కలు కట్టి చెప్పిన మాటని మన అవ్వలు, తాతలు గట్టు మీద కూర్చుని ఒక్క మాటలో చెప్పారు.

కాబట్టి ఈసారి ఇంటికెళ్ళినప్పుడు రెండు పనులు చేద్దాం. ఒకటి, మన తాతనో పెదనాన్ననో మేనమామనో అడిగి మన చెరువుల పేర్లు, అందులో చేపల పేర్లు మన భాషలో రాసుకుందాం. ఏ కాలంలో ఎక్కడ పట్టేవాళ్ళో, ఎప్పుడు మానేసేవాళ్ళో కూడా. అదే రేపు ఫారం-బికి సాక్ష్యం, పెద్దల వాంగ్మూలానికి కూడా చట్టం నిబంధనల్లో చోటుంది. రెండు, మన గ్రామసభ ఆ వరస నింపిందా లేదా కనుక్కుందాం. నింపకపోతే నింపిద్దాం.

ఆ రబ్బరు కప్ప ఇంకా హాస్టల్లోనే ఉంది, కిటికీకి వేలాడుతోంది. వేసవిలో తమ్ముడు ఊరికి తీసుకెళ్తాడట, తాతతో పందెం కట్టాడు. తాత మామూలు గాలంతో, వీడు రబ్బరు కప్పతో. మేమంతా తాత పక్కే.

జోహార్.